మా పాలసీకి ఈ ఏడాది వేసిన మార్కులు

నూటికి 54. పోయిన ఏడాది 41 వేశాను. అంతకుముందు ఏడాది ఎన్ని వేశానో ఇక్కడ చెప్పను, అప్పుడు కోపంలో దిద్దాను. కర్నూలులో ఇరవై తొమ్మిదేళ్లు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. నక్షత్రాలు ఇవ్వడం నాకు అలవాటు లేదు. నేను దిద్దుతున్నది మా ఇద్దరి పేరున ఉన్న ఆరోగ్య బీమా పాలసీని. కంపెనీ పేరు రాయడం లేదు. ఒకదాని పేరు రాస్తే మిగతావి మేలనుకుంటారు. నేను చూసినంతలో ఇలాంటి షరతులు పక్క కంపెనీల కాగితాల్లోనూ ఉన్నాయి, పేజీ నంబరే తేడా.

మాకు పింఛను లేదు. నాది ప్రైవేటు కళాశాల, మా ఆయనది లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. ప్రభుత్వోద్యోగం చేసి రిటైరైనవారికి ఉండే హెల్త్ కార్డు మాకు రాదు. అందుకని 2019 నవంబరు 18న, నాకు అరవై నిండిన ఏడాది, ఇద్దరికీ కలిపి 5 లక్షల పాలసీ తీసుకున్నాం. ఇప్పించింది మా పక్కవీధి అబ్బాయి. "అత్తా, కార్డు చూపిస్తే చాలు, మామ పర్సు తీసే పనే ఉండదు" అన్నాడు. వాడు అబద్ధం చెప్పలేదు. కాగితాలు వాడూ చదవలేదు, అంతే. ఆ తర్వాత మూడు నవంబర్లు నేనూ చదవలేదు. ఫోనుకు మెసేజి వచ్చేది, డబ్బు కట్టేదాన్ని, రసీదు బీరువాలో పెట్టేదాన్ని. లెక్క పూర్తిగా చదవకుండా జవాబు రాసే పిల్లలను బెంచీ ఎక్కించిన నేనే ఆ పని చేశాను.

2023 ఆగస్టులో మా ఆయనకు గాల్‌బ్లాడర్‌లో రాళ్లన్నారు. మా ఊళ్లోనే చేయించుకోవచ్చు. కర్నూలు వైద్య కళాశాల 1957 నాటిది, దాని పెద్దాసుపత్రికి గద్వాల నుంచీ రాయచూరు నుంచీ కూడా రోగులు వస్తారు. కానీ అబ్బాయి హైదరాబాదులో ఉంటాడు, "అమ్మా, ఇక్కడైతే నేను సెలవు పెట్టకుండా చూసుకోగలను" అన్నాడు. నాలుగు గంటల దారి, వెళ్లాం. ఆపరేషన్ బాగానే అయింది. మూడో రోజు పొద్దున పదకొండింటికి డిశ్చార్జి అన్నారు, బీమా కంపెనీ నుంచి అనుమతి రాత్రి ఎనిమిదిన్నరకు వచ్చింది. మా ఆయన అప్పటికే చొక్కా వేసుకుని, చెప్పులు తొడుక్కుని, మంచం అంచున తొమ్మిది గంటలు కూర్చున్నారు. తుది డిశ్చార్జికి మూడు గంటల్లోగా అనుమతి ఇవ్వాలని, అంతకు మించి ఆలస్యమైతే ఆసుపత్రి వేసే అదనపు ఖర్చు కంపెనీయే భరించాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే నెలలో ఆదేశించింది. మాకు తొమ్మిది నెలలు ఆలస్యంగా.

బిల్లు 1,44,000 రూపాయలు. కంపెనీ కట్టింది 93,600. మా చేతి నుంచి 50,400. ఆ రాత్రి అబ్బాయి కార్డు గీకాడు కాబట్టి బయటపడ్డాం. ఊరికి వచ్చాక ఆ 50,400 ఎక్కడిదో తేల్చడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఇది కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే పాలసీలు ఉన్న మా వీధివాళ్లలో ఒక్కరికీ ఈ లెక్క తెలియదు.

మా పాలసీలో గది అద్దె పరిమితి బీమా మొత్తంలో ఒక శాతం, అంటే రోజుకు 5,000. మేము తీసుకున్న గది 6,250. పైన ఉన్న 1,250 చొప్పున మూడు రోజులకు 3,750 మనం పెట్టుకుంటే సరిపోతుందని ఎవరైనా అనుకుంటారు. కాదు. పరిమితికి మించిన గదిలో చేరితే, గదితో ముడిపడిన ఖర్చులన్నీ అదే నిష్పత్తిలో కోస్తారు. 5,000ను 6,250తో భాగిస్తే ఐదింట నాలుగు వంతులు. సర్జన్, మత్తు డాక్టరు, ఆపరేషన్ థియేటరు, నర్సింగు కలిపి 75,000 అయితే అందులోనూ ఐదో వంతు, 15,000 పోయింది. మందులు, పరీక్షల 42,000 మాత్రం పూర్తిగా ఇచ్చారు. వాటిని ఈ నిష్పత్తిలో కోయకూడదని నియమం ఉంది. గ్లవ్స్, మాస్కులు, అడ్మిషన్ ఫీజు వగైరా 8,250 అసలు లెక్కలోకే రావు. మిగిలింది 1,17,000. అక్కడితో ఆగినా నేను ఊరుకునేదాన్నేమో. దానిమీద మళ్లీ 20 శాతం, 23,400 కోశారు. కారణం: "జోన్ కో-పే".

ఆ మాట పాలసీ పుస్తకంలో పదిహేడో పేజీలో ఉంది. కంపెనీ దేశాన్ని జోన్లుగా విభజించుకుంది. కర్నూలు చిరునామాతో తీసుకున్న పాలసీకి ప్రీమియం తక్కువ, ఎందుకంటే ఇక్కడ వైద్యం చౌక. అదే పాలసీతో హైదరాబాదులోనో బెంగళూరులోనో చేరితే బిల్లులో ఐదో వంతు మనదే. న్యాయమే అనుకోండి, వాళ్ల లెక్క వాళ్లది. అయితే కర్నూలులో కాస్త పెద్ద జబ్బు చేసినవారు ఎటు వెళతారో ఈ పాలసీ అమ్మిన ప్రతి ఒక్కరికీ తెలుసు. హైదరాబాదు బస్టాండులో దిగే మా జిల్లా రోగిని చూసి కూడా "మీరు ఉన్న చోటే వైద్యం చేయించుకుంటారని" ధర కట్టామనడం నాకు మింగుడు పడలేదు. మొదటి ఏడాది మార్కులు అందుకే చెప్పనన్నాను.

ఏడాదికోసారి కూర్చుని చదవాలన్న బుద్ధి మాత్రం మా అక్క వల్ల వచ్చింది. అక్క న్యూజెర్సీలో కూతురి దగ్గర ఉంటుంది. అమెరికాలో 65 దాటినవారికి మెడికేర్ అని ప్రభుత్వ బీమా ఉంది. దానిలో మందులకు విడిగా పథకం ఎంచుకోవాలి, పార్ట్ డి అంటారు. ఏటా అక్టోబరు 15 నుంచి డిసెంబరు 7 వరకు మార్చుకోవడానికి గడువు, మార్పు జనవరి 1 నుంచి అమలు. పథకం పేరు అదే ఉన్నా, ఏ మాత్రకు ఎంత కట్టాలో ఏటేటా మారుతుందట. ఆ ఏడెనిమిది వారాల్లో ఎప్పుడు ఫోను చేసినా అక్క ముందు మాత్రల చీటీ ఉంటుంది. "నిరుడు నా షుగరు మాత్ర రెండో వరసలో ఉంది, ఈసారి మూడో వరసలోకి తోశారే" అని, కూరగాయల ధర చెప్పినట్టు చెబుతుంది. వరస పెరిగితే మన చేతి నుంచి కట్టేదీ పెరుగుతుంది. 2025 నుంచి అక్కడ ఆ పథకాల్లో మందుల కోసం ఏడాదికి చేతి నుంచి పెట్టేదానికి పరిమితి కూడా వచ్చింది, ఆ ఏడాది అది 2,000 డాలర్లు. వాళ్ల ప్రీమియాల సంగతి వింటే కళ్లు తిరుగుతాయి, అది వేరే కథ. నాకు నచ్చింది ఆ చీటీ.

2023 సెప్టెంబరులో నేనూ ఒక నోట్‌బుక్కు పెట్టాను. దానికి రెండు ప్లాస్టిక్ కవర్లు ఉంటాయి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊళ్లోకి వచ్చినప్పుడు పాతబస్తీలోని మా ఇంట్లో అటక దాకా నీళ్లు నిలిచాయి. నా డిగ్రీ పట్టాలు, మా ఆయన పాత జీవిత బీమా బాండు, అన్నీ ముద్దయ్యాయి. బాండును ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టబోతే అక్షరాలు పెట్టెకు అంటుకుని వచ్చాయి. అప్పటి నుంచి మా ఇంట్లో ముఖ్యమైన కాగితం ఏదైనా కవరులోనే ఉంటుంది.

నోట్‌బుక్కులో ఎడమ పేజీ పోయిన ఏడాదిది, కుడి పేజీ ఈ ఏడాదిది. పాలసీ మొత్తం నలభై రెండు పేజీలు, రాజ్‌విహార్ దగ్గర జిరాక్సు షాపులో అచ్చు తీయించుకున్నాను. షాపతను పిల్లల ప్రాజెక్టు అనుకుని స్పైరల్ వేయమంటారా అన్నాడు. అంత చదవలేనివారికి ఒక దారి ఉంది. 2024 జనవరి 1 నుంచి ప్రతి పాలసీతో పాటు "కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్" అనే సంక్షిప్త పత్రం ఇవ్వాలి: ఏది వస్తుంది, ఏది రాదు, ఎంత కాలం ఆగాలి, మన వాటా ఎంత, ఫిర్యాదు ఎవరికి. అడిగితే స్థానిక భాషలో ఇవ్వాలి. నేను తెలుగులో అడిగాను. మొదటిసారి ఫోనులో అమ్మాయి హిందీలో "తెలుగులో ఉండదు" అంది. రెండోసారి నియమం సంగతి చెప్పి ఈమెయిలు పెట్టించాను. పంతొమ్మిది రోజులకు వచ్చింది. ఆ తెలుగు ఎలా ఉందంటే, గది అద్దెను ఒకచోట "కౌలు" అన్నారు. మా ఆయన అది చదివి ఆసుపత్రిలో వేరుశనగ వేయవచ్చా అన్నారు. అయినా జోన్ సంగతి రెండో పేజీలోనే ఉంది, పదిహేడో పేజీ దాకా వెతకనక్కరలేదు. దానికి ఐదు మార్కులు.

2024లో కంపెనీ మార్చడానికి ప్రయత్నించాను. దీన్ని పోర్టబిలిటీ అంటారు. రెన్యువల్ తేదీకి కనీసం 45 రోజుల ముందు దరఖాస్తు పెట్టాలి, అందుకే నా నోట్‌బుక్కు సెప్టెంబరులో తెరుచుకుంటుంది. నవంబరు మెసేజి వచ్చాక మేల్కొనేవారికి ఈ తలుపు మూసుకుపోయినట్టే. పాత జబ్బులకు మొదట్లో కొంతకాలం డబ్బు రాదు, దాన్ని వేచి ఉండే కాలం అంటారు; పాత పాలసీలో మనం అలా గడిపిన కాలాన్ని కొత్త కంపెనీ కూడా లెక్కలోకి తీసుకోవాలి, అంతవరకు బాగుంది. కానీ తీసుకోవడమా మానడమా అన్నది కొత్త కంపెనీ ఇష్టం. ఒకరు మా ఆయన షుగరు రిపోర్టు చూసి మర్యాదగా వద్దన్నారు. ఇంకొకరు నన్ను ఒక్కదాన్నే తీసుకుంటామన్నారు. పెళ్లి సంబంధంలో కూడా ఇంత నిర్మొహమాటం ఉండదు. పాత కంపెనీలోనే ఉండిపోయాం. అంతకుముందు కట్టిన క్లెయిమ్ చూపించి రెన్యువల్ నిరాకరించే హక్కు దానికి లేదు, అదొక్కటే ధైర్యం.

ఈ ఏడాది సంగతి. పోయిన ఏడాది ప్రీమియం 35,000, దానిమీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 41,300 కట్టాను. ఈసారి 38,500 అన్నారు. సరిగ్గా పది శాతం పెంపు. సరిగ్గా పదే ఎందుకంటే, వృద్ధుల పాలసీలకు ఏడాదిలో 10 శాతం మించి పెంచాలంటే ముందుగా తమను సంప్రదించాలని ఐఆర్‌డీఏఐ 2025 జనవరిలో చెప్పింది. గీత ఎక్కడ గీస్తే అక్కడిదాకా వచ్చి నిలబడ్డారు. అయితే 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై జీఎస్టీ తీసేశారు కాబట్టి, ధర పెరిగినా చెల్లింపు 2,800 తగ్గింది. మా ఆయన "తగ్గించారే" అని సంతోషించారు. తగ్గించింది ప్రభుత్వం, పెంచింది కంపెనీ అని పలక మీద వేసినట్టు వేసి చూపించాల్సి వచ్చింది.

ఇక్కడే అసలు పరీక్ష ఎదురైంది. మా ఆయనకు ఇప్పుడు ఆయుష్మాన్ వయో వందన కార్డు ఉంది. 2024 అక్టోబరు 29న మొదలైంది. 70 ఏళ్లు నిండిన ఎవరికైనా, ఆదాయంతో పని లేకుండా, ఏడాదికి 5 లక్షల వరకు ఆసుపత్రి వైద్యం. ఇంట్లో ఇద్దరు అర్హులుంటే ఆ 5 లక్షలు పంచుకోవాలి. ప్రైవేటు పాలసీ ఉన్నవారు కూడా తీసుకోవచ్చు. పాత జబ్బులకు వేచి ఉండే కాలం లేదు. వయసు ఆధార్ ప్రకారం చూస్తారు. మా ఆయన నిజంగా పుట్టింది 1954 శ్రావణంలో, ఆధార్‌లో మాత్రం 1955 జనవరి 1. ఆ రోజుల్లో బడిలో వేసిన పంతులుగారు సగం ఊరికి జనవరి 1నే పుట్టినరోజు చేశారు. అందువల్ల పథకం మొదలయ్యాక కూడా కార్డు కోసం రెండు నెలలు ఆగాల్సి వచ్చింది. తర్వాత పక్కింటి డిగ్రీ అమ్మాయి ఫోనులో ఆధార్, ఓటీపీ అడిగి టీ చల్లారేలోపు చేసి పెట్టింది. కార్డుకు నేను 72 వేశాను. ఇంకా ఎక్కువ వేసేదాన్ని, కానీ అది పథకంలో చేరిన ఆసుపత్రుల్లో చేరితేనే పనికొస్తుంది, డాక్టరు ఫీజుకూ నెలనెలా మందులకూ కాదు. అదీకాక నేను 66, నాకింకా నాలుగేళ్లు ఆగాలి.

కార్డు ఉంది కదా, పాలసీ నుంచి ఆయనను తీసేస్తే? ఇద్దరికీ కలిపి తీసుకున్న పాలసీలో ప్రీమియం పెద్దవారి వయసును బట్టి ఉంటుంది. నా ఒక్కదానికైతే 19,200. సగానికి సగం. మూడు రాత్రులు ఈ అంకె నన్ను నిద్రపోనివ్వలేదు. అబ్బాయి తీసేయమన్నాడు. మా ఆయన "నీ ఇష్టం" అన్నారు, అంటే తీయవద్దని. తీయలేదు. కారణం ఒక్కటే: ఆరేళ్లుగా ఆగకుండా కట్టాం. అరవై నెలలు దాటిన పాలసీలో మోసం రుజువైతే తప్ప, "ఈ జబ్బు ముందే ఉంది, చెప్పలేదు" అని క్లెయిమ్ తోసిపుచ్చడానికి వీల్లేదు. 2024 నవంబరుతో మాకా గడువు దాటింది. ఇప్పుడు ఆయనను దించేస్తే, 71 ఏళ్ల షుగరు మనిషిని మళ్లీ ఎక్కించుకునే బండి దొరకదు. పోయిన ఏడాది వెళ్లి అడిగి చూశాను కదా.

బదులుగా జోన్ మార్పించాను. ఏడాదికి 4,200 ఎక్కువ, దాంతో హైదరాబాదులో చేరినా ఆ 20 శాతం కోత ఉండదు. మొత్తం 42,700. అప్పుడు ఒక్క ఆపరేషన్‌కు పోయిన 23,400ను 4,200తో భాగిస్తే ఐదున్నరకు పైన వస్తుంది. అంటే ఐదేళ్లు అదనంగా కట్టినా ఆ ఒక్క రాత్రి పోయినంత కాదు. ఈ సౌకర్యం 2019లోనూ ఉందట, ఎవరూ చెప్పలేదు. గది అద్దె పరిమితి తీయించుకోవడానికి ఇంకా 5,600 అడిగారు, అది వద్దన్నాను. ఐదు వేల లోపు గది అడగడానికి డబ్బు అక్కరలేదు, నోరు చాలు. అడ్మిషన్ కౌంటరులో "మా పరిమితి 5,000, అంతకు మించిన గది వద్దు" అని చీటీ మీద రాసి ఇవ్వమని అబ్బాయికి చెప్పి ఉంచాను.

ఇక మాత్రలు. అక్క చీటీలాంటిది ఇక్కడ పాలసీకి పెద్దగా పనికిరాదు. మా పాలసీ ఆసుపత్రిలో చేరడానికి ముందు 30 రోజులు, తర్వాత 60 రోజుల మందులకే ఇస్తుంది. జీవితాంతం మింగే వాటికి ఇవ్వదు. బయటి మందులకు అదనపు రక్షణ అని ఒకటి చూపించారు: 3,200 కడితే ఏడాదికి 5,000 దాకా ఇస్తారట, బిల్లులు, డాక్టరు చీటీలు అన్నీ పంపితే. నవ్వొచ్చింది. కానీ చీటీ రాశాక వేరే ప్రయోజనం కలిగింది. అక్క చెప్పినట్టు బ్రాండు పేరు పక్కన అసలు మందు పేరు రాశాను: మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, టెల్మిసార్టాన్, అటోర్వాస్టాటిన్, నాకు లెవోథైరాక్సిన్. టెల్మిసార్టాన్ రెండు పేర్లతో ఇంట్లో ఉందని అప్పుడు తెలిసింది. ఒకటి నాది, ఒకటి ఆయనది, ధరలో రెట్టింపు తేడా.

ఆ చీటీతో డాక్టరుగారి దగ్గరికి వెళ్లి జనఔషధి మందులు వాడవచ్చా అని అడిగాను. 2008లో మొదలైన పథకమిది. బ్రాండు మందుల కన్నా సగం నుంచి ఎనభై శాతం దాకా తక్కువ ధరని చెబుతారు. ఆయన చీటీ చూసి నాలుగింటికి టిక్కు పెట్టారు, లెవోథైరాక్సిన్‌కు సున్నా చుట్టారు. "అమ్మా, థైరాయిడ్ మాత్ర ఏ కంపెనీది వాడుతున్నారో అదే వాడండి, మారిస్తే మళ్లీ రక్తపరీక్ష చేసి చూడాలి" అన్నారు. ఆ ఒక్కటి పాత మందుల షాపులోనే కొంటున్నాను. మిగతావన్నీ జనఔషధిలో. నెలకు 2,640 అయ్యే మందులు ఇప్పుడు 1,010. ఏడాదికి 19,560 మిగులు; జోన్ మార్చకముందు ఈ ఏడాదికి చెప్పిన ప్రీమియం 38,500లో సగం కన్నా 310 ఎక్కువ. జోన్ డబ్బు కూడా ఇందులోంచే వచ్చిందనుకున్నాను. జనఔషధి షాపుకు 88. పన్నెండు మార్కులు పోయింది అట్టపెట్టెలన్నీ ఒకే రంగులో ఉన్నందుకు. మా ఆయన కళ్లద్దాలు లేకుండా రాత్రి మాత్ర పొద్దున మింగబోయారు. ఇప్పుడు పొద్దుటి పట్టీలకు ఎర్ర దారం, రాత్రి పట్టీలకు నల్ల దారం కట్టాను.

నవంబరు 11న, వారం ముందే డబ్బు కట్టాను. గడువు దాటాక 30 రోజుల వెసులుబాటు ఉంటుంది కదా అని మా వీధిలో ఒకాయన ఏటా ఆలస్యం చేస్తారు. పాలసీ బతికే ఉంటుంది నిజమే, కానీ ఏడాదికోసారి కట్టేవారికి ఆ సందులో ఆసుపత్రిలో చేరితే పైసా రాదు. చెప్పాను, వినలేదు.

జోన్ మార్పు వెంటనే అమలవుతుందా, పాత జబ్బులకు మళ్లీ కొంతకాలం ఆగాలా అన్నది నాకు కాగితం మీద కావాలి. ఫోనులో అబ్బాయి "వెంటనే, మేడమ్" అన్నాడు. అదే మాట రాసి పంపమన్నాను. కొత్త పాలసీ పత్రం వచ్చింది, అందులో జోన్ మారింది, ఈ ముక్క మాత్రం లేదు. రెండు ఈమెయిళ్లు పెట్టాను. ఇంకో వారం చూసి ఐఆర్‌డీఏఐ వారి ఫిర్యాదుల వెబ్‌సైటు బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేస్తాను. 54 అని పైన పెన్సిలుతోనే రాశాను. ఆ లేఖ వస్తే 60 చేస్తాను.